మడ మొలకల లెక్కకి సార్టీ-ఎన్‌డీ: రెండు వానాకాలాలు వాడాక

కోరింగ మడల్లో ఒక చదరపు మీటరు చట్రం వేసి, అందులో తెల్ల మడ మొలకల్ని నెలనెలా లెక్కపెట్టడం నా పిహెచ్‌డీలో భాగం. భాద్రపదంలో ఒక చట్రంలో 31 ఉన్నాయి. సంక్రాంతి తర్వాత వెళ్తే 6. వాటిలో రెండింటికి ఆకుల దాకా వండ్రు పట్టి ఎండిపోయింది. ఒకదాని కాడని పీత సగం కొరికేసింది. ఈ మధ్యలో ఏం జరిగిందో కంప్యూటర్‌లో నడిపి చూద్దామని, అడవి ఎలా మారుతుందో లెక్కగట్టే సార్టీ-ఎన్‌డీ (SORTIE-ND) అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను.

ఇది ఉచితం. 1990లలో ఈశాన్య అమెరికా అడవుల కోసం పకాలా, కానమ్ అనే పరిశోధకులు, వాళ్లతో పనిచేసినవాళ్లు తయారుచేసిన సార్టీ దీనికి మూలం. ఇందులో ప్రతి చెట్టుకీ ఒక చోటు, ఒక మందం, ఒక ఎత్తు ఉంటాయి. పక్క చెట్టు నీడ దాని మీద పడుతుంది. తల్లి చెట్టు నుంచి విత్తనం ఎంత దూరం పడుతుంది, ఎన్ని నాటుకుంటాయి, ఆ వెలుతురుకి ఏడాదిలో ఎంత పెరుగుతాయి, ఎన్ని చచ్చిపోతాయి, ఇలా ఒక్కో మెట్టుకీ విడిగా అంకెలివ్వాలి. మనం మార్చకపోతే 1.35 మీటర్లు దాటేదాకా మొలక కిందే లెక్క.

నాకు దీని విలువ తెలిసింది ఈ మెట్ల దగ్గరే. మొదటిసారి నాటుకునేవి చాలా ఎక్కువ, చచ్చేవీ ఎక్కువ అని ఇచ్చాను. రెండోసారి నాటుకునేవి తక్కువ, బతికేవి ఎక్కువ. 20 ఏళ్ల తర్వాత రెండు పటాలూ పక్కపక్కన పెడితే చెట్లు దాదాపు అన్నే! నిజంగా భయమేసింది. ఎందుకంటే అక్కడ చేయాల్సిన పని రెండింటికీ పూర్తిగా వేరు. విత్తనమే రాని చోట మొక్కలు తెచ్చి నాటాలి. వచ్చినవి ఉప్పుకి మాడిపోయే చోట, ఇక్కడ అటవీశాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ చేయించినట్టు, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు లోపలికి రానివ్వాలి. మా పడవ బాబాయ్‌కి చెప్తే, "గింజ పడగానే మొక్క అయిపోద్దా అమ్మా? పీత వదలాలి, నాచు వదలాలి, వేసవి ఉప్పు వదలాలి" అన్నాడు. చెట్లు ఎన్ని మిగిలాయన్న లెక్క ఒక్కటే చూస్తే ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

మన డెల్టాకి కుదరనివి కూడా చెప్పాలి. పెద్దది, పోటు-పాటు (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం) అనే మాట ఇందులో లేదు. పెరుగుదలని ముఖ్యంగా వెలుతురే నడిపిస్తుంది. మనకి ఆగస్టులో వరద నీరొచ్చి ఉప్పు తగ్గుతుంది, మే నెలలో మళ్లీ పెరుగుతుంది. మొలక బతుకు ఆ కొన్ని నెలల్లోనే తేలిపోతుంది, నేను నడిపిన మోడల్‌లో కాలమేమో ఏడాదికో అడుగు వేస్తుంది. నేలల్లో మొద్దులు, నాచు, ఆకుచెత్త లాంటి రకాలున్నాయి గానీ బురద లేదు. గీరిన నేల (పైపొర గీకేసి మట్టి బయటపడ్డ నేల) అనే రకాన్ని పోటు కడిగే బురదగా అనుకుని నెట్టుకొచ్చాను.

ఇంకోటి, మోడల్‌లో ప్లాటు (మనం తీసుకున్న నేల ముక్క) ఎదురెదురు అంచులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తూర్పు అంచు దాటిన విత్తనం పడమర నుంచి లోపలికొస్తుంది. మామూలు అడవికి ఇది మంచి ఉపాయమే. నా ప్లాటుకి తూర్పున కాలవ, పడమర ఎత్తైన తిల్ల చెట్ల గట్టు. కాలవలోకి కొట్టుకుపోవాల్సిన మడ కాయ గట్టు మీద మొలిచింది. ఇది గమనించడానికే నాకు వారం పట్టింది. కాలవ ఒడ్డున పనిచేసేవాళ్లు ప్లాటుని బాగా పెద్దగా తీసుకుని, అంచుల్ని లెక్కలోంచి తీసేయండి.

తుఫాను నష్టానికి విడిగా ఒక భాగం ఉంది. 1996 నవంబరు తుఫాను చూసిన తీరానికి అది చాలా అవసరం, దాని పని ఇంకా మొదలుపెట్టలేదు.

మొత్తానికి ఎకాలజీ విద్యార్థులకి ధైర్యంగా చెప్తాను, వాడండి. చేతిలో సొంత లెక్కలు లేకుండా మాత్రం వద్దు. చచ్చిపోయినవాటికి నేనిచ్చిన అంకెలో పీత వాటా ఎంతో, ఉప్పు వాటా ఎంతో నాకే తెలియదని ఇది పట్టిచ్చింది. అందుకే వచ్చే భాద్రపదంలో ప్రతి చట్రం పక్కనా, పీతలు రాకుండా వల కట్టిన ఇంకో చట్రం వేస్తున్నాను.