డ్రాగన్ తోక దారికి ముందు: క్యాంబర్ కిట్, మూడు అలైన్‌మెంట్ షాపులు, ఒక కొండ ప్రయాణం

అట్లాంటాకు ఉత్తరాన, తెలుగువారు దండిగా స్థిరపడిన కమ్మింగ్‌లో మా ఇల్లు. ఉత్తరాది రాష్ట్రం నుంచి వచ్చిన 2006 మోడల్ నిస్సాన్ 350జెడ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటికే, పాత యజమాని పొట్టి స్ప్రింగులు వేయించి దాన్ని నేలకు దించి ఉన్నాడు. అక్టోబరులో, ఆకులు రంగు మారే రోజుల్లో, నార్త్ కరోలినా, టెన్నెసీ సరిహద్దు కొండల్లోని ‘టెయిల్ ఆఫ్ ద డ్రాగన్’ దారిలో దాన్ని నడపాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. బయలుదేరడానికి నెల ముందు వెనక టైరు విప్పి చూస్తే, బయటి సగం కొత్తదానిలా ఉంది. లోపలి అంచున మాత్రం గీతలే మిగలలేదు. ఆ అంచు మీద అరచెయ్యి ఆనించి ఒకవైపు నిమిరితే నున్నగా జారింది, ఎదురు నిమిరితే రంపపు పళ్ళలా గుచ్చుకుంది.

ఆ రంపపు పళ్ళే అసలు సంగతి చెప్పాయి. కారును దించినప్పుడు, చక్రాలను కారుకు పట్టి ఉంచే పై ఆర్ములు చక్రాల తలలను లోపలికి లాగుతాయి. దాన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. క్యాంబర్ ఒక్కటే అయితే లోపలి అంచు నెమ్మదిగా, నున్నగా అరుగుతుంది. చక్రం పక్కచూపు చూస్తూ నేల మీద రాసుకుంటూ పోయినప్పుడే, అంటే టో (పైనుంచి చూస్తే చక్రం ఎటు చూస్తోందనే కోణం) చెడినప్పుడే, టైరు ఇలా పళ్ళు పళ్ళుగా లేస్తుంది. దించిన కార్ల టైర్లను తినేసేది ప్రధానంగా టో అని, నింద మాత్రం క్యాంబర్ మీద పడుతుందని నా దృఢమైన అభిప్రాయం.

ఈ కారుకు కంపెనీ ఇచ్చిన సర్దుబాట్లలో వెనక క్యాంబరూ టో రెండూ ఉన్నా, ముందువైపు టో ఒక్కటే ఉంది. అందుచేత ముందుకు సర్దుకోగల పై ఆర్ములు, వెనకకు క్యాంబర్ ఆర్ములు, వాటితోపాటు ఎక్కువ సర్దుబాటునిచ్చే టో బోల్టులు తెప్పించుకున్నాను. టో బోల్టులు లేకుండా వెనక క్యాంబర్ కిట్ కొనవద్దని గట్టిగా చెబుతాను. క్యాంబర్‌ను సరిచేయగానే టో మారిపోతుంది, దాన్ని వెనక్కి తెచ్చే జాగా పాత బోల్టులో చాలదు. ఉత్తరాదిలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టి, వెనక ఎడమవైపు బోల్టు బుష్ (ఆర్ము చివర ఉండే రబ్బరు కీలు) లోపలి గొట్టంలో బిగుసుకుపోయింది. రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నాననిచ్చి, మర్నాడు రెండు గంటలు తంటాలు పడితే కదిలింది. రబ్బరు బుష్‌లున్న బోల్టులను కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకుండా, బరువు చక్రాల మీదికి వచ్చాకే బిగించాను. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరిగిపోతుంది.

అలైన్‌మెంట్‌కు మూడు చోట్లకు వెళ్ళవలసి వచ్చింది. పెద్ద టైర్ల షాపులో ముందు బంపరు ర్యాంపుకు తగులుతుందని, పైగా కంపెనీవి కాని ఆర్ముల జోలికి రామని చెప్పి పంపించారు. ముందే చెప్పారు కనుక వారి మీద నాకు ఫిర్యాదు లేదు. రెండోచోట 130 డాలర్లు తీసుకుని, ముందు టో మాత్రమే సరిచేసి, వెనక అంకెలు ఎర్రగానే, అంటే హద్దు దాటే ఉన్న కాగితం చేతిలో పెట్టారు. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్ ఎడమకు తిరిగి ఉంటోంది, ఎందుకంటే వెనక చక్రాలు ఒకవైపు నెడుతుంటే ముందు చక్రాలు వాటికి తగ్గట్టు తిరగవలసి వస్తోంది.

మూడోది రేసు కార్లు చూసే చిన్న షాపు. అక్కడి మెకానిక్ పని మొదలుపెట్టకముందే, కారులో ఎంతమంది వెళతారు, ఎలాంటి దారి అని అడిగారు. డ్రైవరు సీటులో నా బరువుకు సరిపడా ఇసుక సంచులు పెట్టి, ముందు వెనక క్యాంబర్, ఆ తర్వాత వెనక టో, చివరికి స్టీరింగ్‌ను తిన్నగా బిగించి ముందు టో, ఈ వరుసలో చేశారు. వెనక ఎడమ −2.9 డిగ్రీల నుంచి, కుడి −2.6 నుంచి, రెండూ −1.6కు వచ్చాయి. మలుపుల దారికి కొంత నెగటివ్ క్యాంబర్ మేలని ఆయనే సున్నాకు తేలేదు. 240 డాలర్లు, మూడున్నర గంటలు పట్టాయి. ప్రతి లాక్ నట్టు మీద పసుపు రంగుతో ఒక గీత గీసి, ప్రయాణంలో అది చెదిరిందేమో చూసుకోమన్నారు.

బస దగ్గర కూడా ఇదే కారు నిర్ణయించింది. ముందుగా తీసుకున్న కొండమీది చెక్క ఇల్లు ఫొటోలలో చక్కగానే ఉంది, కానీ అక్కడికి పోయే దారి నిటారు కంకర బాట. పది అడుగులు ఎక్కేసరికి కారు అడుగు భాగం నేలకు రాసుకుంది. ఆ రాత్రి డబ్బు వదులుకుని రాబిన్స్‌విల్‌లో గుమ్మం ముందే తారు పార్కింగ్ ఉన్న సాదా మోటెల్‌కు మారాము. దించిన కారుతో వెళ్ళేవారు గది కన్నా ముందు దారి ఫొటో అడగడం మంచిది.

డ్రాగన్ దారిలో 11 మైళ్ళకు 318 మలుపులు. ఉదయం ఏడింటికే వెళితే ముందు వెనక ఎవరూ ఉండరు. పది దాటితే మోటారు సైకిళ్ళ బారులు తప్పవు. వేగ పరిమితి గంటకు 30 మైళ్ళే, అది చాలు. పాత అలైన్‌మెంట్‌తో మలుపు మధ్యలో వెనకభాగం ఒక్కసారి కదిలినట్టుండేది, ఇప్పుడు స్టీరింగ్ తిప్పినంతే తిరిగింది. అయినా కారుకూ, పక్కన కూర్చున్న మా ఆవిడకూ ఎక్కువ నచ్చింది 1996లో పూర్తయిన చెరోహాలా స్కైవే. 5,300 అడుగులకు పైగా ఎక్కే వెడల్పాటి దారి అది, మధ్యలో పెట్రోలు దొరకదు కనుక ముందే నింపుకోవాలి. మధ్యాహ్నం 480 అడుగుల ఫాంటానా ఆనకట్ట మీద కాసేపు ఆగాము.

రెండోరోజు సాయంత్రం టార్చిలైటుతో చూస్తే వెనక కుడి ఆర్ము నట్టు మీది పసుపు గీత వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది. అక్కడే స్పానరుతో బిగించాను. తిరిగి వచ్చాక అదే షాపులో కొలిపిస్తే, ఆ చక్రం −1.7 చూపించింది, మెకానిక్ దాన్ని మళ్ళీ −1.6కు తెచ్చి, గీత కొత్తగా గీసి, అదనంగా డబ్బు తీసుకోలేదు.