అమెరికా హైస్కూల్ ఎక్స్ఛేంజ్ దరఖాస్తు: బరంపురం వైపు నుంచి ఒక రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తే: పథకం మంచిది, దరఖాస్తు పద్ధతి పకడ్బందీగా ఉంటుంది, మధ్యలో కూర్చున్న కన్సల్టెన్సీకి పోసే డబ్బు మాత్రం చాలామటుకు దండగ. ఇక్కడ చెప్పేది జె-1 వీసా (మార్పిడి కార్యక్రమాల మీద వచ్చేవాళ్లకి అమెరికా ఇచ్చేది) మీద వెళ్లే హైస్కూల్ ఎక్స్ఛేంజ్ గురించి. ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో అక్కడి స్కూల్లో చదువుతూ, అక్కడి కుటుంబం ఇంట్లో ఉండి తిరిగొచ్చేయడం. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు పిల్లలు దరఖాస్తు చేస్తే పని ఎక్కడెక్కడ ఆగుతుందో చూద్దాం.

ప్రోగ్రాం మొదలయ్యే నాటికి 15 నిండి, 18 ఏళ్ల 6 నెలలు దాటకుండా ఉంటే వయసుతో ఇబ్బంది లేదు. ప్లస్ టూ పూర్తయినవాళ్లని మాత్రం అక్కడి స్కూళ్లు తేలిగ్గా చేర్చుకోవు. పదో తరగతి పరీక్ష రాసిన వేసవే సరైన అదను. ఇంతకుముందు ఎఫ్-1 (మామూలు విద్యార్థి వీసా) మీదో జె-1 మీదో అక్కడి స్కూల్లో చదివొచ్చినవాళ్లకి రెండోసారి ఉండదు.

ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా మొదట అడగాల్సింది ఒకటే: డీఎస్-2019 ఫారం (ఎక్స్ఛేంజ్‌కి అర్హత ఉందని ఇచ్చే పత్రం) ఇచ్చేది ఎవరు? అది లేనిదే జె-1 వీసా లేదు. దాన్ని ఇచ్చే అధికారం అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థలకే ఉంది, మన ఊరి ఆఫీసుకి కాదు. స్పాన్సర్ పేరు చెప్పడానికి నీళ్లు నములుతుంటే లేచి వచ్చేయండి. పేరు చెబితే విదేశాంగ శాఖ జాబితాలోనూ, సీఎస్ఐఈటీ (ఇలాంటి ఎక్స్ఛేంజ్ సంస్థల ప్రమాణాలు చూసే అమెరికా సంస్థ) గుర్తించినవాటి జాబితాలోనూ ఉందేమో మీరే చూసుకోవచ్చు. రెండో ప్రశ్న హోస్ట్ కుటుంబం గురించి. జె-1లో పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి అద్దె, జీతం ఏమీ ఇవ్వరు. కొటేషన్‌లో "హోస్ట్ ఫ్యామిలీకి నెలకింత" అని ఉందంటే మీకు అమ్ముతున్నది ఎక్స్ఛేంజ్ కాదు, బహుశా ఎఫ్-1 మీద ప్రైవేటు స్కూల్ సీటు. అందులో తప్పేం లేదు గానీ ఖర్చూ నియమాలూ పూర్తిగా వేరు. ఎఫ్-1 మీద ప్రభుత్వ హైస్కూల్లో అయితే 12 నెలలకి మించి కుదరదు, అదీ పూర్తి ఫీజు కట్టి.

ఇక ఫారం. ఇంగ్లిష్ పరీక్ష (చాలా సంస్థలు ఎల్‌టిస్ అనే స్కూలు పిల్లల ఇంగ్లిష్ పరీక్ష పెడతాయి), ఇంటర్వ్యూ, టీచర్ల సిఫారసు, తల్లిదండ్రుల ఉత్తరం, ఫొటోలు, ఆరోగ్య పత్రం, మార్కులు. వీటిలో ఫలితం తేల్చేది పిల్లలు హోస్ట్ కుటుంబానికి రాసే ఉత్తరం. కుటుంబాన్ని ఎంచుకునేది మనం కాదు. వాళ్లే ఫైళ్లు తిరగేసి పిల్లని ఎంచుకుంటారు. కన్సల్టెన్సీ రాసిచ్చే ఉత్తరాలన్నీ "నేను కష్టపడి చదివే, క్రమశిక్షణ గల విద్యార్థిని" అనే మొదలవుతాయి. పది ఫైళ్లలో తొమ్మిది అలాగే ఉంటే ఎవరు గుర్తుంటారు? "శనివారం మా షాపులో అప్పడాలు ఎండబెట్టి కట్టలు కట్టేది నేనే, లెక్క తప్పితే నాన్నగారు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టిస్తారు" అని రాసిన అమ్మాయి గుర్తుంటుంది. తిండి విషయంలో మొహమాటం పనికిరాదు. గుడ్డు తింటారా, ఇంట్లో మాంసం వండితే పర్వాలేదా, కుక్క ఉంటే ఉండగలరా అన్నది సూటిగా రాయాలి. శుద్ధ శాకాహారం, కుక్కలంటే భయం రెండూ ఉంటే కుటుంబం దొరకడం ఆలస్యమవుతుంది. దాచిపెడితే మాత్రం వెళ్లిన నెలలోనే ఇల్లు మారాల్సి వస్తుంది.

మన పిల్లల ఫైళ్లు ఎక్కువగా ఇరుక్కునేది టీకాల దగ్గర. అమెరికా స్కూళ్లు రాష్ట్రాన్ని బట్టి అడిగేవి దాదాపు ఇవే: ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ) 2 డోసులు, ఆటలమ్మ టీకా 2 డోసులు, హెపటైటిస్-బి 3 డోసులు, పోలియో, టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గుకి), కొన్నిచోట్ల మెనింజైటిస్. మన పీహెచ్‌సీలో వేసింది మీజిల్స్ టీకా, 2017 నుంచి దశలవారీగా మీజిల్స్-రుబెల్లా. గవదబిళ్లలకీ ఆటలమ్మకీ ప్రభుత్వ పట్టికలో టీకా లేదు. అంటే కార్డు నిండా సంతకాలున్నా అక్కడి స్కూలు లెక్కలో సగం ఖాళీయే. ఎంఎంఆర్‌కీ ఆటలమ్మ టీకాకీ డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఆ రెండూ ఒకే రోజు వేయించొచ్చు, లేదంటే మళ్లీ 28 రోజులు ఆగాలి. హెపటైటిస్-బి మూడు డోసులకి మామూలుగా 6 నెలలు పడుతుంది. కాబట్టి ఈ పని ఫారం చేతికొచ్చాక మొదలెడితే అందదు. క్షయ పరీక్ష విషయంలో ఇంకో చిక్కు: బీసీజీ (క్షయ టీకా) వేయించుకున్నవాళ్లకి మాంటూ అనే చర్మ పరీక్షలో చెయ్యి ఉబ్బి, క్షయ లేకపోయినా ఉన్నట్టు చూపే అవకాశం ఉంది. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకి బీసీజీతో సంబంధం లేదు, ఒప్పుకుంటారేమో అడిగి అదే చేయించండి.

తర్వాతి తలనొప్పి పేరు. ఒడియా బడి రికార్డుల్లో మన "వ" ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి "బ" అయి కూర్చుంటుంది. వెంకటరమణ ఒక కాగితంలో బెంకటరమణ, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, మూడోచోట అసలు లేనే లేదు. డీఎస్-2019, వీసా రెండూ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే నడుస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే వీసాలో మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, అక్కడి ప్రతి కౌంటర్లోనూ దానికి వివరణ ఇచ్చుకోవాలి. అందుకని జనన ధ్రువపత్రం, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ ఒకటయ్యాకే పాస్‌పోర్టుకి వెళ్లండి. మైనర్ కాబట్టి తల్లీతండ్రీ ఇద్దరూ అనెక్చర్-డి అనే అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. మైనర్ పాస్‌పోర్టు 5 ఏళ్లకో, 18 నిండే రోజుకో, ఏది ముందైతే దానికి ముగుస్తుంది. 15 దాటిన పిల్లలకి 10 ఏళ్లది అడిగే వీలుంది. పదిహేడేళ్ల పిల్లకి అదే తీసుకోవాలి, లేకపోతే చదువు మధ్యలో గడువు అయిపోతుంది.

మార్కులకి పదో తరగతి మెమో ఒక్కటే చాలదు, సాధారణంగా మూడేళ్లవి అడుగుతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రోగ్రెస్ కార్డులు ఒడియాలో ఉంటే హెడ్మాస్టరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో టైపు చేయించి, సీలు వేయించుకోవాలి. బోర్డు పరీక్షల రోజుల్లో వెళితే ఆయన దొరకరు, దసరా సెలవులు కాగానే అడగండి.

వీసాకి ఒడిశావాళ్లు హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు, వీసా దరఖాస్తుకి 185 డాలర్లు. వేలిముద్రలకి ఒక అపాయింట్‌మెంట్, ఇంటర్వ్యూకి ఇంకొకటి. బరంపురం నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్సో ఫలక్‌నుమానో ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగుతారు. రెండు అపాయింట్‌మెంట్లూ వరస రోజుల్లో పెట్టుకుంటే ఒక్క ప్రయాణంతో సరిపోతుంది. హోస్ట్ ఊరు ఖరారు కాలేదని జూన్‌లోనే గాభరా పడొద్దు, స్పాన్సర్లకి ఆగస్టు 31 దాకా గడువుంటుంది. వెళ్లాక స్పాన్సర్ తరఫు స్థానిక కోఆర్డినేటర్ 120 మైళ్ల లోపే ఉండాలి, నెలకోసారి పిల్లతో మాట్లాడి తీరాలి. ఆ మాట ఒప్పందంలో ఉందో లేదో చూడండి.

డబ్బు తక్కువలో కావాలంటే రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్ మేలు. చదువు, బస ఖర్చు ఆతిథ్య క్లబ్బులు చూసుకుంటాయి, మనం పెట్టేది విమానం, బీమా, వీసా, చేతిఖర్చు. కాకపోతే దేశం మన ఇష్టం కాదు, పైగా మన ఇంట్లో ఒక విదేశీ పిల్లని కొన్ని నెలలు ఉంచుకోమని అడగొచ్చు. ఆ మాట వినగానే సగం మంది వెనక్కి తగ్గుతారు, నిజానికి అందులో ముచ్చటైన భాగం అదే.

తిరిగొచ్చాక సంగతి వెళ్లేముందే తేల్చుకోవాలి. అక్కడి స్కూలు డిప్లొమా ఇస్తుందన్న హామీ లేదు. చదువులో ఏడాది వెనక్కి జరుగుతుందనే లెక్కేసుకుని, వచ్చిన ఏడాది శామ్స్‌లో (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్) ప్లస్ టూ మొదటి ఏడాదికి దరఖాస్తు పెట్టడం సులువైన దారి. అక్కడి మార్కులు చూసి నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెడతామని ఏ కాలేజీ అయినా అంటే, ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం తీసుకున్నాకే టికెట్ కొనండి.