నాలుగు ప్లగ్గులు, రెండు సాకెట్లు: రాయగడ నుంచి నా అనుభవం

మా పెట్రోల్ స్విఫ్ట్ కారు 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ వానాకాలం దానికి ఒక జబ్బు పట్టుకుంది. ఒడిశాలోని మా రాయగడ ఊళ్ళో తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్తూ ఘాట్ ఎక్కుతుంటే మాత్రం, మూడో గేరులో యాక్సిలరేటర్ నొక్కగానే రెండు మూడు కుదుపులు. ముందుగా కనిపెట్టింది వెనక సీట్లో ఉన్న అమ్మ. "ఏట్రా, బండి ఎక్కిళ్ళు పెడతంది?" అంది. ఆ మలుపుల్లో అమ్మని కూర్చోబెట్టుకుని వెళ్తుంటే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

పార్వతీపురంలో మా బావకి ఫోన్ చేస్తే, ముందు స్పార్క్ ప్లగ్గులు (సిలిండర్‌లో నిప్పురవ్వతో పెట్రోలుని మండించేవి) విప్పి చూడమన్నాడు. ప్లగ్ అరిగేకొద్దీ దాని మొనల మధ్య ఖాళీ పెరుగుతుంది. ఖాళీ పెరిగితే నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఎక్కుడులో ఇంజిన్ మీద బరువు పడ్డప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి కూడా ఎక్కువే కాబట్టి రవ్వ అక్కడే తప్పుతుంది. ఊళ్ళో బాగుండి ఘాట్‌లో కుదపడానికి కారణం ఇదే. ఎక్కిళ్ళే కదా అని వదిలేస్తే మండని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్ళి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. ఆ ఖర్చు ముందు ప్లగ్గుల ఖర్చు లెక్కలోకే రాదు.

ముందు సాకెట్ గురించి, అంటే ప్లగ్ విప్పే గొట్టం లాంటి పానా గురించి చెప్పాలి, నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. మా బండికి 16 ఎం.ఎం. ప్లగ్ సాకెట్ కావాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని ఒకటి తెప్పించాను. ప్లగ్‌ని పట్టుకోవడానికి లోపల రబ్బరు ముక్క ఉంటుంది. మొదటి ప్లగ్ వదులై, పైకి లాగుదామనేసరికి ఆ రబ్బరు ప్లగ్‌కే అంటుకుని, ప్లగ్ కూర్చునే లోతైన గుంతలో ఉండిపోయింది, సాకెట్ ఒక్కటే చేతికొచ్చింది. సన్నమూతి పట్టకారుతో దాన్ని బయటికి తీయడానికి గంట పట్టింది. డబ్బు తక్కువని ఆ రకం కొనకండి. మర్నాడు బావ తన మ్యాగ్నెట్ సాకెట్ తెచ్చాడు. పొడుగ్గా ఉంటుంది, లోపల రబ్బరు బదులు అయస్కాంతం. ప్లగ్‌ని గట్టిగా పట్టుకుని నిటారుగా పైకి తెస్తుంది. అది చూశాకే నేనూ అలాంటిది కొన్నాను. మొదటిదానికి దాదాపు మూడింతలు పెట్టాను, పెట్టిన ప్రతి రూపాయికీ పనిచేసింది.

విప్పాక అసలు సంగతి బయటపడింది. 40 వేల దగ్గర ఒక గ్యారేజీలో నాలుగు ప్లగ్గులూ మార్పించాను, బిల్లు ఇప్పటికీ ఉంది. చూస్తే మూడింటి మీద ఒక నంబరు, నాలుగోదాని మీద ఇంకో నంబరు. పైగా అన్నీ ఎంత గట్టిగా బిగించారంటే, వదులు చేయడానికి పానాకి పైపు తొడగాల్సి వచ్చింది. ఇంజిన్ హెడ్ అల్యూమినియంది. మర తినేస్తే అయ్యే ఖర్చు తలుచుకుంటేనే కడుపు మండింది. ఫీలర్ గేజ్ (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు) పెట్టి చూస్తే ఒక మిల్లీమీటరు ఉండాల్సిన ఖాళీ, ఆ నాలుగోదాంట్లో 1.3 దాటింది.

కొత్తవి మాన్యువల్‌లో ఉన్న నంబరు చూసి పార్వతీపురంలోనే తీసుకున్నాను. ఎన్‌జీకే కంపెనీవి, మామూలు నికెల్ రకం. వాళ్ళ నంబరు చదవడం వస్తే మోసపోము. మా ప్లగ్ నంబరు మధ్యలో ఉన్న 6 హీట్ రేంజ్, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా బయటికి పంపేస్తుందో చెప్పే అంకె. ఈ కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిదవుతుంది. చివర -10 అంటే ఖాళీ 1.0 మిల్లీమీటరు, -11 అంటే 1.1. కౌంటర్‌లో ఇరీడియం తీసుకోమన్నారు. అవి చాలా ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. కానీ నా తిరుగుడికి నికెల్ చాలు. నాలుగూ కలిపి ఏడువందల లోపే అయ్యాయి. పెట్టెల్లోంచి తీసి గేజ్‌తో కొలిస్తే నాలుగూ సరిగ్గా ఉన్నాయి.

పని పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేయండి. వేడి మీద విప్పితే మర దెబ్బతింటుంది. బ్యాటరీ మైనస్ తీసేసి, ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్ క్లిప్ నెమ్మదిగా నొక్కి (పాతబడ్డాక ఆ ప్లాస్టిక్ పుటుక్కుమంటుంది), 10 ఎం.ఎం. బోల్టు విప్పి, కాయిల్‌ని కొంచెం తిప్పుతూ లాగాలి. మా రోడ్ల ఎర్రదుమ్ము గుంతల్లో పేరుకుని ఉంది. ప్లగ్ విప్పకముందే దాన్ని ఊదేయాలి, లేకపోతే నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. నా దగ్గర కంప్రెసర్ లేదు, మా అబ్బాయి సైకిల్ పంపుతో కొట్టాను, సరిపోయింది. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి.

ఎక్కించేటప్పుడు బావ చెప్పిన చిట్కా నాకు బాగా నచ్చింది. జానెడు పెట్రోల్ పైపు ముక్క ప్లగ్ తలకి తొడిగి, దాన్ని వేళ్ళతో తిప్పుతూ మర పట్టించాలి. మర అడ్డం పడితే పైపు జారిపోతుంది కానీ బలవంతంగా ఎక్కదు. చేత్తో పూర్తిగా దిగాకే సాకెట్. కొత్త ప్లగ్ అయితే వాషర్ ఆనాక ఇంకో అరచుట్టు నుంచి మూడింట రెండువంతుల చుట్టు, అంతే. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) ఉంటే ఇలాంటి ప్లగ్‌కి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరకి గ్రీజు పూయవద్దు. ఎన్‌జీకే మర మీద పూత ముందే ఉంటుంది, గ్రీజు రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

ఆ ఆదివారం అమ్మని ఎక్కించుకుని అదే ఘాట్ ఎక్కాను. మూడో గేరులో ఒక్క కుదుపు లేదు. మైలేజీ లీటరుకి కిలోమీటరు కూడా పెరగలేదు, దాని కోసమే అయితే మార్చనక్కర్లేదు. అమ్మ మాత్రం మలుపుల్లో కూడా కునుకు తీసింది. ఎదురింటి ఒడియా భాయినా (అన్నయ్య) బండి 45 వేలకి వచ్చింది, ప్లగ్గులు ఇంకా మార్చలేదు. సాకెట్, పైపు ముక్క ఇప్పుడు ఆయన ఇంట్లో ఉన్నాయి. రేపు పొద్దున్న ఆరింటికి ఇద్దరం కలిసి బోనెట్ ఎత్తుతున్నాం.