మెడెయిన్ నడక యాత్ర: వెళ్లదగినదే, కానీ కథ సగంలో ఆగిపోతుంది

కొలంబియాలోని మెడెయిన్‌లో కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ పేరు చెప్పుకుని నడిచే యాత్రలు చాలా ఉన్నాయి. నేను ఎంచుకున్నది స్థానికులు నడిపే ఒక చిన్న సంస్థ వారి పూటయాత్ర. అతని సమాధి దగ్గర ఫొటోలు దిగే కార్యక్రమం ఇందులో లేకపోవడమే నా ఎంపికకు కారణం.

యాత్ర ఇన్‌ఫ్లెక్సియోన్ స్మారక ఉద్యానవనంలో మొదలవుతుంది. ఎస్కోబార్ కుటుంబం నివసించిన మొనాకో భవనాన్ని 2019 ఫిబ్రవరిలో కూల్చివేసి, ఆ స్థలంలోనే దీనిని నిర్మించారు. 1983 నుంచి 1994 వరకు హింసకు బలైన 46,612 మందికి గుర్తుగా అన్ని రంధ్రాలు తొలిచిన గోడ ఇక్కడ ఉంది. ఆ గోడ దగ్గర గైడ్ ఎవరినీ తొందరపెట్టలేదు. 1984లో హత్యకు గురైన న్యాయశాఖ మంత్రి రోడ్రిగో లారా బోనియా, 1986లో హతుడైన పత్రికా సంపాదకుడు గియెర్మో కానో, 1989లో ఎన్నికల సభలో తూటాలకు బలైన అధ్యక్ష అభ్యర్థి లూయిస్ కార్లోస్ గలాన్, అదే ఏడాది బాంబు పేలి కూలిన అవియాంకా విమానంలోని 107 మంది గురించి చెబుతూ, మంత్రికే రక్షణ లేని దేశంలో ఒక సాక్షి గానీ, మామూలు న్యాయమూర్తి గానీ ఎంతకాలం నిలబడగలరని ఆమె అడిగినప్పుడు మా బృందంలో ఎవరూ మాట్లాడలేదు. 1991లో కొత్త రాజ్యాంగాన్ని రాస్తున్న సభ కొలంబియా పౌరులను విదేశాలకు అప్పగించడాన్ని నిషేధించాకే ఎస్కోబార్ లొంగిపోయిన తీరునూ, తన ఇష్టప్రకారం కట్టించుకున్న జైలు నుంచి మరుసటి ఏడాది తప్పించుకున్న తీరునూ ఆమె ఎంతో స్పష్టంగా వివరించారు. ఈ భాగం ఒక్కటే కట్టిన రుసుముకు సరిపోతుంది.

లోపమంతా తరువాతి భాగంలోనే ఉంది. 1993 డిసెంబరు 2న అతను చనిపోయిన ఇంటిని చూపించడంతో కథనం ముగుస్తుంది. నిజానికి అసలు చిక్కు అక్కడే మొదలైంది. అతన్ని వేటాడిన లోస్ పెపెస్ ముఠాకు డబ్బు అందించింది ప్రత్యర్థులైన కాలి కార్టెల్ (కాలి నగరానికి చెందిన మాదకద్రవ్యాల ముఠా) వారే. ఆ ముఠాలోని దోన్ బెర్నా తరువాత మెడెయిన్ నేరలోకాన్ని తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1995లో కాలి కార్టెల్ నాయకులు పట్టుబడినా కొకైన్ వ్యాపారం ఆగలేదు, చిన్న చిన్న ముఠాలుగా చీలి మరింత విస్తరించింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2023లో కొలంబియాలో 2,53,000 హెక్టార్లలో కొకైన్ తయారీకి వాడే కోకా మొక్క సాగైంది. అమెరికా, ఐరోపాల్లో కొనేవారు ఉన్నంతకాలం, కోకా తప్ప మరే పంటా గిట్టుబాటు కాని పల్లెలు ఉన్నంతకాలం, నాయకుడిని చంపడం వల్ల కుర్చీ మాత్రమే ఖాళీ అవుతుంది. నేను అడిగినప్పుడు గైడ్ ఈ విషయాలన్నీ చక్కగానే చెప్పారు, కానీ అప్పటికి సమయం అయిపోయింది.

ఎస్కోబార్ బొమ్మ ఉన్న చొక్కాలు అమ్మే దుకాణం దగ్గర చాలాసేపు ఆపడం నన్ను బాధించింది. అంతసేపు చూసి వచ్చిన ఆ గోడకు అది అవమానం. ఆ సమయాన్ని 1993 తరువాతి చరిత్రకు కేటాయించాలని నిర్వాహకులకు చెప్పాను.

అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. వెళ్లేవారు లోస్ పెపెస్ గురించీ, ఇప్పటి ముఠాల గురించీ యాత్ర మొదట్లోనే అడగండి. నగరంలోని కాసా దె లా మెమోరియా మ్యూజియానికి ప్రవేశం ఉచితం. మరో పూట వీలు చేసుకుని దానినీ చూడండి.