రాయదుర్గంలో కొన్న జీన్సు ప్యాంటు, దాని మీది రివిట్టు

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం వెళ్లినప్పుడల్లా అక్కడ ఒక జీన్సు ప్యాంటు కొనుక్కుని రావడం నాకు అలవాటు. బళ్లారికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్లో కుట్టుమిషన్ల చప్పుడు వినిపించని వీధి అరుదు. ఈసారి కొన్నది, ముందు గదిలో అమ్మకం, వెనుక గదిలో కుట్టుపని సాగే ఒక చిన్న దుకాణంలో. ధర 750 రూపాయలు. నాలుగు నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

జీన్సు చేతికి రాగానే నా వేలు జేబు మూలనున్న రివిట్టును, అంటే గుడ్డ చిరగకుండా బిగించే చిన్న లోహపు బిళ్లను, తడుముతుంది. దానిని మొదట ప్యాంటుకు కొట్టిన దర్జీ జేకబ్ డేవిస్ కథ తెలిసినప్పటి నుంచీ ఇదే వరుస. 1831లో రీగా నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టిన ఆయన 1854లో అమెరికా చేరి, బతుకుతెరువు వెతుక్కుంటూ పడమటికి సాగి, కాలిఫోర్నియాలోనూ కెనడా పడమటి తీరంలోనూ కొన్నాళ్లు గడిపాడు. కెనడాలోనే, జర్మనీ నుంచి వలస వచ్చిన ఆనీని పెళ్లాడాడు. వారికి ఆరుగురు పిల్లలు. 1868లో నెవాడాలోని రీనోకు మారి, బీరు తయారీలో డబ్బు పెట్టి, చివరకు మళ్లీ సూదినే నమ్ముకున్నాడు. డేరాలు, బండ్ల కప్పులు, గుర్రాల దుప్పట్లు కుట్టేవాడు. 1870 చివరలో ఒక కట్టెలు కొట్టే మనిషి భార్య వచ్చి, తన భర్తకు చిరగని ప్యాంటు కావాలని అడిగింది. గుర్రపు దుప్పట్లకు పట్టీలు బిగించే రాగి రివిట్లు పక్కనే ఉండడంతో, డేవిస్ వాటిని జేబుల మూలల్లో కొట్టి 3 డాలర్లకు ఇచ్చాడు. గిరాకీ పెరిగాక, తనకు గుడ్డ సరఫరా చేసే శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాస్‌కు, కలిసి పేటెంటు తీసుకుందామని 1872లో ఉత్తరం రాశాడు. 1873 మే 20న వారికి 139121 నంబరు పేటెంటు వచ్చింది. డేవిస్ శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలి, తయారీ పని చూసుకుంటూ 1908లో అక్కడే కన్నుమూశాడు. కొడుకు సైమన్ కూడా ఆ వృత్తిలోనే ఉండగా, మనవడు బెన్ పేరుతో 1935లో ఒక పనిబట్టల కంపెనీ మొదలైంది. అయినా జనం నోట నిలిచింది వర్తకుడి పేరే, దర్జీది కాదు. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది.

ఇక మన ప్యాంటు సంగతి. ఆసక్తి చూసి దుకాణం యజమాని నన్ను వెనుక గదిలోకి తీసుకువెళ్లి, ఒక కుర్రవాడి చేత నా ఎదుటే రివిట్టు కొట్టించాడు. "మడతలో పడాల, అన్నా! ఒంటి పొరలో పడితే ఆడనే చిరుగుతాది" అన్నాడు. మాటకు తగినట్టే ముందు జేబుల రివిట్లు నాలుగూ మందపాటి మడతలోకి దిగి, లోపలి వైపు చేతికి గుచ్చుకోకుండా నున్నగా అణిగి ఉన్నాయి. ఇంటికొచ్చి అయస్కాంతం పెట్టి చూస్తే మాత్రం అంటుకుంది. అంటే లోపల ఇనుము, పైన రాగిరంగు పూత. ఆ ధరకు అంతకన్నా ఆశించలేము గానీ, వానాకాలంలో తుప్పు మరక దిగుతుందేమోనని నా అనుమానం.

లోపాలూ ఉన్నాయి. మొదటి ఉతుకులో రంగు ధారాళంగా దిగి, పక్కనున్న తెల్ల తువ్వాలు నీలమైంది. నడుము 34 అని వేసినా టేపు పెట్టి కొలిస్తే అరంగుళం తక్కువ. చిన్న జేబు రివిట్టు రెండో నెలలోనే ఊడింది. మళ్లీ వెళ్లినప్పుడు చూపిస్తే డబ్బు తీసుకోకుండా కొత్తది కొట్టి ఇచ్చారు. తొడల మధ్య కుట్టు మాత్రం, రోజూ బైకు నడిపే నాకు, ఇంతవరకు ఒక్క పోగైనా వదల్లేదు.

పొడవు కత్తిరించే పని అక్కడికక్కడే ఉచితంగా చేస్తారు. అయితే ఉతికితే ఈ గుడ్డ కాస్త ముడుచుకుంటుంది కనుక, వాళ్లు గుర్తు పెట్టిన చోటికి ఒక అంగుళం కిందికి మడిచి కుట్టమని చెప్పండి.