యంగ్ లైవ్స్ డేటా: ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు ముందు దీన్ని చూడండి

పిల్లల చదువు మీద పీహెచ్‌డీ అనగానే సొంతంగా ఒక పరీక్ష పేపరు తయారుచేసుకుని, దగ్గర్లోని రెండు మూడు స్కూళ్లలో పర్మిషన్ తెచ్చుకుని రాయించడం మన దగ్గర చాలామంది చేసే పని. దానికి ముందు యంగ్ లైవ్స్ డేటా ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే ఈ సర్వే ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లలు, 2001-02లో పుట్టినవాళ్లు ఒక బ్యాచ్, 1994-95 వాళ్లు ఇంకో బ్యాచ్. శ్రీకాకుళం, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో అదే పిల్లల దగ్గరికి కొన్నేళ్లకోసారి మళ్లీ వెళ్లారు. యూకే డేటా సర్వీస్ అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో రిజిస్టర్ అయితే ఉచితంగా దొరుకుతుంది, ఎస్‌పీఎస్‌ఎస్, స్టాటా (గణాంకాలు లెక్కించే సాఫ్ట్‌వేర్లు) ఫైళ్లు రెండూ ఉంటాయి.

నాకు బాగా నచ్చింది 2016-17 స్కూల్ సర్వే. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి లెక్కలు, ఇంగ్లిష్ పరీక్షలు పెట్టారు. రెండుసార్లూ కొన్ని ప్రశ్నలు అవే ఉంచారు కాబట్టి ఐఆర్‌టీతో (ఐటమ్ రెస్పాన్స్ థియరీ, ఒక్కో ప్రశ్న ఎంత కష్టమో లెక్కలోకి తీసుకుని స్కోరు కట్టే పద్ధతి) స్కోర్లను ఒకే స్కేలు మీదికి తెచ్చి, ఆ ఏడాదిలో పిల్లలు ఎంత నేర్చుకున్నారో లెక్క కట్టొచ్చు. ప్రైవేటా, గవర్నమెంటా అని ఇంట్లో వాదించుకునేటప్పుడు తెలియాల్సింది ఇదే కదా! ముందే బాగా చదివే పిల్లలు చేరిన స్కూలుకు మంచి మార్కులొస్తే, అందులో స్కూలు చేసింది ఎంతో ఒక్క పరీక్ష చూసి ఎవరూ చెప్పలేరు.

అయితే యంగ్ లైవ్స్ శాంపిల్‌లో పేద మండలాలకే కావాలని ఎక్కువ చోటిచ్చారు, కాబట్టి ఇందులోంచి వచ్చిన సగటును రాష్ట్రం సగటు అని థీసిస్‌లో రాయకండి. ఇంకోటి, పిల్లలకు ఎన్ని మాటలు తెలుసో చూసే పీపీవీటీ (పీబాడీ పిక్చర్ వొకాబులరీ టెస్ట్). బొమ్మలు చూపించి, చెప్పిన మాటకు సరిపోయేది ఏదో వేలు పెట్టి చూపించమనే ఈ పరీక్ష అమెరికాలో పుట్టింది, ఇక్కడ తెలుగులోకి మార్చి వాడారు. అనువాదంలో ఒక్కో మాట కష్టం మారిపోతుంది, అందుకని మన పిల్లల స్కోరు పక్కన పెరూ పిల్లల స్కోరు పెట్టి ఎవరు ముందున్నారో తేల్చేయడం పెద్ద తప్పు.

సొంత పరీక్ష తయారుచేసి దాని వాలిడిటీ (కొలవాల్సినదాన్నే కొలుస్తోందా అన్నది) చూడటమే మీ టాపిక్ అయితే ఇది సరిపోదు, ఫీల్డుకు వెళ్లక తప్పదు. మిగతావాళ్లు మాత్రం సినాప్సిస్ రాయకముందే దీని క్వశ్చనేర్లు, టెక్నికల్ నోట్లు చదవండి, ముఖ్యంగా స్కోర్లు ఎలా కట్టారో చెప్పే నోట్లు.