గురుకులమా, సైనిక్ స్కూలా: మగపిల్లాడికి ఏది మేలు?

ఎండలు ముదిరే వేళకి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మావాడు గురుకులంలో ఐదు చదువుతున్నాడు. సైనిక్ స్కూల్లో ఆరుకి సీటొచ్చింది. తీసేసి అక్కడ వేద్దామా?" నేనూ గురుకులంలో చదివినవాణ్ణే కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. ఈసారి అదే ప్రశ్న మా తమ్ముడు అడిగాడు, వాడి కొడుకు గురించి. ఊళ్ళోవాళ్ళకి అయితే రెండు నిమిషాల్లో తేల్చేసేవాణ్ణి, వీడి విషయంలో రెండు వారాలు పట్టింది.

ఈ రెండు రకాల బడులూ పుట్టడానికి కారణాలు వేరు. సైన్యంలో ఆఫీసర్లంతా కొన్ని ప్రాంతాల నుంచి, కొన్ని వర్గాల నుంచే వస్తున్నారని, ఆ తేడా తగ్గించాలని కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉండగా 1961లో సైనిక్ స్కూళ్ళు మొదలయ్యాయి. మరుసటి ఏడాదే విజయనగరం దగ్గర కోరుకొండలో, రాజుగారి ప్యాలెస్‌లో మనకీ ఒకటి వచ్చింది. రెండోది కలికిరిలో పెట్టేసరికి 2014 అయింది. గురుకులాల కథ 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలు. అప్పుడు పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి. పల్లెటూరి పిల్లాడు తెలివైనవాడైతే చాలు, వాడి చదువు, తిండి, బట్ట ప్రభుత్వమే చూసుకోవాలన్నది ఆలోచన. వెంటనే తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. స్టేట్ ర్యాంకులు ప్రకటించే రోజుల్లో పదో తరగతి ఫలితాలు వస్తే పేపర్లో ముందు ఈ మూడు పేర్లే వెతికేవాళ్ళం.

ఖర్చు సంగతి అందరికీ తెలిసిందే. గురుకులంలో పైసా కట్టక్కర్లేదు. సైనిక్ స్కూల్ ఫీజు ఏడాదికి లక్ష దాటుతుంది, స్కాలర్‌షిప్ తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి. మా తమ్ముడు అప్పు చేసైనా కడతానన్నాడు కాబట్టి ఆ లెక్క పక్కన పెట్టాం.

చదువులో తేడా ఉంటుందా అంటే, నాకు పెద్దగా కనిపించలేదు. సైనిక్ స్కూల్ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 300 మార్కులకి 150 లెక్కలవే. అంటే అక్కడ సీటు తెచ్చుకున్నవాడు ముందే లెక్కల్లో గట్టివాడు. వాణ్ణి ఏ బడిలో వేసినా పదిలో మార్కులు వస్తాయి, ఆ ఘనత బడి ఖాతాలో వేయలేం. (కోచింగ్ సెంటర్ల ఖాతాలో వేయాలేమో, అది వేరే గొడవ.)

నా లెక్కలో తేల్చేది ఒక్కటే. రాత్రి తొమ్మిది దాటాక పిల్లల దగ్గర ఎవరుంటారు?

పదకొండేళ్ళ పిల్లాడికి పగలంతా క్లాసులు, ఆటలు, స్టడీ అవర్‌తో గడిచిపోతుంది. అమ్మ గుర్తొచ్చేది లైట్లు తీశాకే. జ్వరం తెలిసేదీ అప్పుడే. పెద్ద క్లాసు వాళ్ళు ట్రంకు పెట్టె తీయించి పచ్చడి సీసా పట్టుకుపోయేదీ అప్పుడే. నేను ఆరులో ఉండగా ఒక రాత్రి ఒళ్ళు కాలిపోతుంటే మా తెలుగు మాస్టారు సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఆర్ఎంపీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన క్వార్టర్ మా డార్మిటరీకి వంద అడుగుల దూరం. పక్క ఊళ్ళో కాపురం ఉండి, బస్సు దిగి వచ్చే మాస్టారైతే నా జ్వరం సంగతి ఆయనకి తెల్లారాకే తెలిసేది. ఆ పాత గురుకులాల రహస్యం ఏమైనా ఉందంటే, పంతుళ్ళు అక్కడే కాపురం ఉండటమే.

ఈ విషయంలో సైనిక్ స్కూల్‌కి ఒక మార్కు ఎక్కువే వేయాలి. అక్కడ హౌస్ మాస్టర్ (హాస్టల్ బాధ్యత చూసే టీచర్), మేట్రన్ (పిల్లల బాగోగులు చూసే ఆవిడ) అనే ఏర్పాటు పద్ధతిలోనే ఉంది, ప్రిన్సిపాల్ మంచితనం మీద ఆధారపడదు. గురుకులాల్లో అలా చెప్పలేం. కొన్నిచోట్ల క్వార్టర్లు పాడుబడ్డాయి, టీచర్లు టౌన్ నుంచి వచ్చి పోతున్నారు, రాత్రి డ్యూటీ వంతులవారీగా ఒకరిద్దరిదే. అలాంటి గురుకులమైతే నేనే తీసేయమంటాను, మొహమాటం లేదు. కానీ మాస్టార్లు లోపలే ఉండే గురుకులం దొరికితే మాత్రం నా ఓటు దానికే. సైనిక్ స్కూల్లో రోజువారీ పెత్తనం చాలా వరకు పెద్ద క్లాసుల క్యాడెట్ల (అక్కడ విద్యార్థుల్ని అలాగే అంటారు) చేతిలో ఉంటుంది. నాయకత్వం నేర్పడానికి అది మంచి పద్ధతే. నేర్చుకునేది పన్నెండో తరగతి వాడు, భరించేది ఆరో తరగతి వాడు.

ఇంకో సంగతి, కళ్ళు. సైనిక్ స్కూల్ దృష్టంతా ఎన్‌డీఏ, అంటే సైన్యంలో ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదే. రాతపరీక్ష, ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటాక కూడా మెడికల్ పరీక్ష ఉంటుంది. పదకొండేళ్ళప్పుడు బాగున్న చూపు పదహారేళ్ళకి అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అద్దాలు వచ్చినంత మాత్రాన దారి మూసుకుపోదు, కానీ నంబర్ పెరిగేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. పిల్లాడికి యూనిఫామ్ పిచ్చి నిజంగా ఉంటే ఈ మాట పట్టించుకోకండి, నేరుగా కోరుకొండ రైలెక్కించండి. పిచ్చి నాన్నదా, పిల్లాడిదా అని మాత్రం ఒకసారి చూసుకోండి.

నవోదయ గురించీ అడుగుతారు. మంచి బడులే, దాదాపు ఉచితమే, సీబీఎస్ఈ. జిల్లా నుంచి 80 మంది, వాళ్ళలో కనీసం మూడోవంతు ఆడపిల్లలు. తొమ్మిదిలో కొందరిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రానికి పంపుతారు, దానికి సిద్ధపడండి. డెహ్రాడూన్‌లోని మిలిటరీ బడి ఆర్ఐఎంసీకి ఏటా మన దగ్గర నుంచి వెళ్ళేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి దాని గురించి ప్లాన్ చేయడం దండగ. పూర్తిగా మగపిల్లల బడే కావాలని పట్టుబట్టేవాళ్ళకి ఒక మాట: కోరుకొండ కూడా దాదాపు అరవై ఏళ్ళ తర్వాత ఆడపిల్లల్ని చేర్చుకుంటోంది. మంచిదే అయింది.

చివరికి ఒక బుధవారం రాత్రి, చెప్పకుండా, నేనూ తమ్ముడూ పిల్లాడి గురుకులానికి వెళ్ళాం. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, అది నాకు నచ్చింది. గేటు దగ్గర నుంచే డార్మిటరీ వరండా కనిపిస్తోంది. లెక్కల మాస్టారు లుంగీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ముందు నలుగురు పిల్లలు పుస్తకాలతో. పావుగంట నిలబడ్డాం, ఆయన లేవలేదు.

తిరుగు దారిలో బండి నడుపుతూ తమ్ముడు, "అన్నయ్యా, సైనిక్ స్కూల్‌కి తొమ్మిదిలో కూడా పరీక్ష ఉంటుందిగా?" అన్నాడు. ఉంటుందన్నాను, సీట్లు తక్కువని కూడా చెప్పాను. "అప్పటికి వాడే చెప్తాడులే," అన్నాడు.